నిరపాయధూళి

గ్రీష్మర్తువు ప్రచండమార్తాండకిరణములచే భూతలమును పెనమువలె కాచుచుండ, సముద్రతీరనగరపు పొలిమేరనున్న సిమెంటురేకుల కర్మాగారము అహోరాత్రములు ధవళధూళిని వెడలగ్రక్కుచు పరిసరములందలి తుమ్మచెట్లకు వేసవియందే మంచు కురిసిన భ్రాంతిని కల్పించుచుండెను.

ఆ కర్మాగారమున ఆస్బెస్టాసను రాతినార బస్తాలను విప్పి యంత్రమున గుమ్మరించుటయందే మజ్జి పైడమ్మ యౌవనమంతయు గడచిపోయెను. ఆ నారనుండి లేచిన సూక్ష్మధూళి యామె ఊపిరితిత్తులలో అద్దె చెల్లింపని కాపురము పెట్టగా ఆమె నాలుగడుగులు వేసిన ఆయాసపడుచుండెను. తోడిపనివారిలో కొందఱు మంచము పట్టిరి, కొందఱు కాలధర్మము నొందిరి. బ్రతికియున్నవారి పక్షమున పైడమ్మయే ముందు నిలిచి కంపెనీపై వ్యాజ్యము వేసెను.

చందనచర్చితలలాటుడును విశాలోదరుడును అగు మేనేజరు శేషశయనముగారు న్యాయస్థానమున నిలిచి "మా ధూళి విభూతివలె నిరపాయము. ఈ దగ్గు చుట్టలు కాల్చుటవలన సంక్రమించినది" అని గంభీరముగా వాక్రుచ్చిరి.

పైడమ్మ నోరు నొక్కుకొని "ఓలమ్మో! నానెప్పుడూ సుట్ట ముట్నేదు బాబూ! దినాం నిప్పు నోట్లో ఎట్టుకుని అడ్డపొగ తాగే మా అత్త ఇప్పటికీ ఈదంతా ఇనబడేటట్టు తిడతాది" అనెను.

న్యాయాధీశుడు మీసముల చాటున నవ్వును దాచుకొని కర్మాగారమును స్వయముగా పరిశీలింప నిశ్చయించెను.

ఆ వార్త చెవిసోకినంతనే శేషశయనముగారు బస్తాలను మాయము చేయించి నేలను అద్దమువలె కడిగించి ద్వారములకు మామిడితోరణములు కట్టించి పనివారికెల్ల క్రొత్తచొక్కాలు తొడిగించిరి. పరిశీలననాడు ఉభయపక్షములవారితో బస్తాల గదిలో ఆసీనుడైన న్యాయాధీశుడు అంతటి పరిశుభ్రతకు విస్మితుడై, కొబ్బరినీరు త్రావి, చెమటకు తాళజాలక "ఆ పంకా వేయుడు" అని ఆజ్ఞాపించెను.

అందఱును తలలెత్తి చూచిరి. నేలను కడిగించిన మహానుభావుడు పైకప్పును మఱచెను! చిరకాలముగా తిరుగని యా పంకారెక్కలపై వ్రేలెడు మందమున తెల్లనిధూళి పేరుకొని యుండెను. బంట్రోతు మీటవైపు చేయి చాచెను. పైడమ్మ ఆ ధూళిని గుర్తించెను. ఊరకుండినచో కంపెనీ గుట్టు గాలిలో తేలును, కాని ఆ గాలి తీర్పు చెప్పవలసిన ఈ ముసలిదొర ఊపిరిలోనికిని పోవును.

"బాబూ, ఆగండి! ఆ పంకా ఎయ్యకండి, మీ పేనానికి మంచిది కాదు!" అని కేక వేసెను.

తన వాదమును తానే నమ్మిన కంపెనీ న్యాయవాది దిగ్గున లేచి "ప్రభూ! ఈమె న్యాయస్థానమును భయపెట్టుచున్నది. ధూళి నిరపాయమని మేము మనవి చేసియే యున్నాము. పంకా నిరభ్యంతరముగా వేయవచ్చును" అనెను.

బంట్రోతు మరల చేయి చాచెను. అంతట శేషశయనముగారు కుర్చీ తలక్రిందులగునట్లు ఎగిరి, ఉత్తరీయముతో ముక్కును మూసికొని, గ్రాంథికమును మఱచి "వెయ్యకురా వెధవా! వేశావంటే అందరం చస్తాం!" అని ఆర్తనాదము చేసిరి.

"ఏలనయ్యా?" అని న్యాయాధీశుడు మృదువుగా అడిగెను.

"అది... చల్లగాలికి... జలుబు చేయునని..."

న్యాయాధీశుడు గుమాస్తావైపు తిరిగి "వారి మొదటి వాక్యమును యథాతథముగా వ్రాసికొనుము. జలుబు కూడ వ్రాయుము" అనెను. కంపెనీ న్యాయవాది తన కక్షిదారుని ముక్కువైపును పంకావైపును మార్చిమార్చి చూచి తానును చేతిరుమాలు వెదకుకొనెను. పనివారు పగలబడి నవ్విరి.

తొలకరి కురిసిన పిమ్మట తీర్పు వచ్చెను. తెలిసియు దాచిన దోషము కంపెనీదేయనియు, వ్యాధిగ్రస్తులకెల్ల యావజ్జీవచికిత్సయు పరిహారమును ఆ కంపెనీయే ఈయవలెననియు న్యాయాధీశుడు చదువుచుండగా పైడమ్మకు ఆనందమును దగ్గును ఏకకాలమున పొంగివచ్చెను. ఆమె స్తంభము నూతగొని దగ్గసాగెను. న్యాయాధీశుడు వాక్యము నడుమ ఆగెను. న్యాయవాదులు ఆగిరి. బయట వర్షము మాత్రము కురియుచుండెను. బస్తాలు విప్పిన యొక స్త్రీకి ఊపిరి తిరుగువఱకు ఆ ధర్మాసనము వేచియుండి, ఆమె తలయూపిన పిదపనే మిగిలిన వాక్యమును పూర్తిచేసెను.