గంపకొక చెయ్యి

నిండు చేపల గంపని ఏ ఆడమనిషీ తనంతట తాను నెత్తికి ఎత్తుకోలేదు. ఎంత కండపుష్టి ఉన్న మనిషైనా సరే, అది కాని పని. ఇంకొక మనిషి ఎదురుగా వంగి, గంప అంచు పట్టి, "ఊ" అని ఒక్క ఊపున లేపి, నెత్తిమీద గుడ్డతో చుట్టుకున్న చుట్టకుదురు మీద కుదురుగా కూర్చోబెట్టాలి. సాయం పట్టిన ఆమె తన గంప దగ్గరకు పోతే ఆమెకు మరొకామె వస్తుంది. అందరూ వెళ్ళిపోయాక చివర మిగిలినామెకు, వలలు దులిపే మొగవాళ్ళలో ఎవరో ఒకరు లేచి వస్తారు. దీన్నే ఉప్పుగుంటపాలెంలో చెయ్యెయ్యడం అంటారు. ఒకరు అడగాల్సిన పని లేదు, ఇంకొకరు మెచ్చుకోవాల్సిన పనీ లేదు. తెల్లవారి పడవలు ఒడ్డుకు రావడం ఎట్లాగో, చెయ్యెయ్యడం అట్లాగే.

ఆ ఒడ్డు నుంచి సరుగుడు తోపు దాకా మోకాలు దిగబడే ఇసక. ఆటోలు తోపు దగ్గరే ఆగిపోతాయి. ఏడు గంటలకల్లా గంప తోపు చేరకపోతే ఆటో వెళ్ళిపోతుంది. ఆటో వెళ్ళిపోతే కోవూరు వీధుల్లో ఎదురుచూసే వాళ్ళు ఇంకొకరి దగ్గర కొనుక్కుంటారు, గంపలో కానాగంత చేపలు మెత్తబడిపోతాయి. కాబట్టి ఆ పాలెంలో ఒక ఆడదాన్ని శిక్షించాలంటే తిట్టక్కర్లేదు, కొట్టక్కర్లేదు. ఆమె గంపకు చెయ్యెయ్యొద్దంటే చాలు.

పదకొండేళ్ళ కిందట గంగాభవానికి ఆ శిక్ష పడింది.

ఆడవాళ్ళు చేపలు ఎండబెట్టుకునే ఇసక మేటని పెద్దలు ఎవరో బయటివాళ్ళకు ఇచ్చేస్తామన్నారు. గంగాభవాని రచ్చబండ దగ్గరకు పోయి, మొగవాళ్ళ మధ్య నిలబడి, "అయితే మా చేపలు మీ నెత్తిన ఎండబెట్టుకోవాల్నా?" అని అడిగింది. నవ్విన వాళ్ళు నవ్వారు. ఊరి పెద్ద పోలేరయ్య నవ్వలేదు.

"నెల రోజులు ఆమె గంపకి ఎవరూ చెయ్యెయ్యబాకండి" అన్నాడు.

అంతే. ఎవరూ వెయ్యలేదు. పక్కింటి మస్తానమ్మ, పురుడు పోసిన మనిషి, పిల్లకు జ్వరం వస్తే రెండు రాత్రులు నిద్ర మానుకున్న మనిషి, ఆమె కూడా ముఖం తిప్పుకుని పోయింది. గంగాభవాని ఏడవలేదు. ఒడ్డుకు లాగిపెట్టిన పడవ అంచు మీద ఖాళీ గంప పెట్టి, దోసిలి దోసిలిగా చేపలు నింపి, దాని కిందకి మోకాళ్ళ మీద దూరి, తల ఆనించి, పడవని పట్టుకుని లేచేది. తొమ్మిదో రోజు కాలు జారింది. పడవ అంచు తగిలి ఎడమ కనుబొమ్మ చిట్లింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది, చేప ముల్లంత.

కాలం ఎవరికోసం ఆగుతుంది? సర్పంచి పదవి ఆడవాళ్ళకు వచ్చింది. మస్తానమ్మే ముందు నిలబడి, పాలెంలోని ఆడవాళ్ళందరినీ వెంటబెట్టుకుని, "మా గంగనే నిలబెడతాం" అని గోల చేసింది. గెలిపించింది కూడా.

గెలిచాక గంగాభవాని పంచాయతీ ఆఫీసులో మొట్టమొదట చేసిన పని, వచ్చినవాళ్ళు కూర్చోడానికి ఒక బల్ల వేయించడం. అంతకు ముందు ఎవరొచ్చినా కుర్చీలకు ఎదురుగా నిలబడి, చేతులు కట్టుకుని మాట్లాడాల్సిందే. ఈమె మాత్రం ఎవరొచ్చినా, "ముందు కూచో. మంచినీళ్ళు తాగు. ఆ తర్వాత చెప్పు" అనేది. సెక్రటరీ సంజీవరావు మొదట్లో విసుక్కున్నాడు. కూర్చున్న మనిషి సగం గొంతుతోనే మాట్లాడతాడని, నిలబెడితేనే అరుస్తాడని నెల తిరిగేసరికి ఆయనకే తెలిసింది. గంగాభవాని చల్లని మనిషని కోవూరు దాకా పేరు పాకింది.

అంత పేరున్న మనిషి ఒక రోజు ఏమి చేసిందో వినండి.

పోలేరయ్యకు పోయిన ఏడు పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. మాట ముద్దగా వస్తుంది. కొడుకు ముఖేష్ ఈ మధ్యే పడవ నెడుతూ కాలు విరగ్గొట్టుకుని మంచమెక్కాడు. ఇంక ఆ ఇంట్లో పొయ్యి వెలగాలంటే కోడలు వెన్నెల గంప పట్టాలి. అది కావలిలో ఇంటర్ చదివిన పిల్ల. పెళ్ళయి రెండేళ్ళయినా నెత్తిన బిందె మోసెరగదు.

మస్తానమ్మ ఆఫీసుకొచ్చి, బల్లమీద కూర్చుని, నీళ్ళు తాగి, చెప్పింది.

"మే గంగా, పోలేరయ్య కోడలు రేపట్నించి ఒడ్డుకొస్తాదంట. గంప కొనుక్కునింది. ఏం చేద్దామంటావు?"

గంగాభవాని కాగితాల మీంచి తల ఎత్తలేదు.

"ఆ ఇంటి గంప సంగతి నన్నడగబాక అక్కా. ఆ పొద్దు నా గంప సంగతి ఎవరడిగినారు?"

ఆ మాట అన్నప్పుడు ఆమె నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నట్టు అనిపించింది. పదకొండేళ్ళు దాచుకున్న తీపి. మస్తానమ్మ ఇంకేమీ అడక్కుండా కొంగు దులుపుకుని లేచిపోయింది. గంగాభవాని కాగితాల్లో పడి ఆ సంగతి మరిచిపోయింది.

నాలుగో రోజు పొద్దున, తోపు నుంచి ఒడ్డుకు సిమెంటు బాట ఎక్కడ మొదలుపెట్టాలో చూసుకుందామని ఆమె ఒంటరిగా ఇసకలో నడుచుకుంటూ పోయింది. పడవలు వచ్చేశాయి. ఆడవాళ్ళు గంపలెత్తుకుని తోపు వైపు బారుగా వస్తున్నారు. "సర్పంచమ్మా, బాగుండావా?" "బాట ఎప్పుడమ్మా, మా మనవరాలి పెళ్ళికన్నా అవుతాదా?" అని పలకరింపులు. అందరికీ జవాబులిస్తూ, నవ్వుతూ పోయింది. అంతలో దూరంగా, అన్నిటికన్నా చివరి పడవ దగ్గర, ఎవరో మోకాళ్ళ మీద ఉండటం చూసింది.

కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

పడవ అంచు మీద గంప. గంప కింద తల. రెండు చేతులూ పడవని పట్టుకున్నాయి. లేవబోతూ, వణికి, మళ్ళీ కూలబడుతూ. తనని తాను వెనకనుంచి చూసుకున్నట్టయింది గంగాభవానికి. చెయ్యి తెలియకుండానే కనుబొమ్మ మీదికి పోయింది.

"ఆగు, ఆగు! లేవబాక! జారతావు!"

పరుగెత్తుకుంటూ పోయి గంప పట్టుకుంది. కిందనుంచి వెన్నెల బయటికొచ్చింది. ముఖమంతా ఇసక, చెమట. చుట్టకుదురు విడిపోయి మెడలో వేలాడుతోంది.

"ఎన్నాళ్ళ నించి ఇట్టా ఎత్తుకుంటా ఉండావు?"

"నాలుగు రోజులు అత్తా."

"రోజూ?"

"మొదటి రోజు ఎత్తుకోలేకపోయినా. చేపలు సగం కాకులకి పోయినాయి. ఆ తర్వాత మా మామ చెప్పినాడు, ఇట్టా పడవ మీద పెట్టి కిందకి దూరమని."

"మీ మామా? మీ మామకి ఎట్టా తెలుసు?"

వెన్నెల తల వంచుకుంది. "నువ్వు ఎత్తుకునేదానివంట గదా అత్తా. ఆయన అప్పట్లో రోజూ మా అరుగు మీంచి చూసేవాడంట. ఖాళీ గంప ముందు పెట్టాలి, బరువు వెనక్కి ఉండాలి, ఎడమ మోకాలు ముందు లేపాలి... అన్నీ చెప్పినాడు. మాట సరిగ్గా రాదు గదా, మంచం మీద చెయ్యాడించి చూపించినాడు. ఆ పిల్ల తొమ్మిదో రోజు జారింది, నువ్వు జారబాక అన్నాడు. చెప్పి ఏడ్చినాడు."

గంగాభవాని పడవకు ఆనుకుని నిలబడింది. తొమ్మిదో రోజు. జారిన సంగతి తను ఎవరికీ చెప్పలేదు. జారడం ఎవరూ చూడలేదనుకుంది. చూసినవాడు ఒకడున్నాడు, చూస్తూ కూర్చున్నాడు, ఒక్క మాట వెనక్కి తీసుకుంటే సరిపోయేదానికి తీసుకోలేక, లెక్క తప్పకుండా గుర్తు పెట్టుకున్నాడు. ఆ ముసలాయన మీద కోపం రావాలో జాలి పడాలో ఆమెకు తెలియలేదు.

"సరే. నీకు చెయ్యెయ్యొద్దని ఎవరు చెప్పినారు?"

వెన్నెల మెడలోని చుట్టకుదురు తీసి మళ్ళీ చుట్టసాగింది.

"చెప్పమే. నేనుండాను గదా. వాళ్ళ సంగతి చూస్తా."

"సర్పంచి మాట అంట అత్తా" అంది ఆ పిల్ల, ఇసకలోకి చూస్తూ.

సముద్రం అట్లాగే హోరుమంటోంది. గంగాభవానికి మాత్రం ఏమీ వినపడలేదు. పోలేరయ్య పదిమందిని కూర్చోబెట్టి, ఊరందరి ఎదుట శిక్ష వేశాడు. తనకు అంత కూడా పట్టలేదు. కాగితాల మీంచి తలెత్తకుండా, ఒక్క ముక్క అని పారేసింది. అదే ఊరి మాటయి కూర్చుంది. తను వేయించిన బల్ల మీద కూర్చుని, తన నీళ్ళు తాగి, పట్టుకుపోయిన మాట.

"దా, గంప పట్టుకో" అంది.

"వద్దత్తా. సర్పంచి మాట మీరితే మళ్ళీ నీకు..." అని, తనేమి అంటోందో అప్పుడు తెలిసి, ఆ పిల్ల నాలుక కరుచుకుంది.

గంగాభవానికి నవ్వొచ్చింది, కళ్ళల్లో నీళ్ళు కూడా. "ఆ మాట నాదే గదమ్మా. నా మాట నేను మీరతా, నన్నెవరు అడుగుతారు? ఊ!"

గంప లేచింది. వెన్నెల నెత్తిన కూర్చుంది. గంగాభవాని పక్కనే నడిచింది, ఒక చెయ్యి గంపకు ఆనించి, తోపు దాకా.

తోపు దగ్గర ఆటోల పక్కన ఆడవాళ్ళంతా చూస్తున్నారు. మస్తానమ్మ ముందుకొచ్చింది. ముఖం కందగడ్డలా ఉంది.

"ఏందిమే గంగా, మమ్మల్ని వెర్రోళ్ళను చేస్తావా? నీకోసమే గదా మేము చేతులు కట్టుకుని కూచున్నాం?"

"నాకోసమేనా అక్కా?"

"కాకపోతే?" అని మస్తానమ్మ గొంతు పెంచింది. పెంచిన గొంతు మధ్యలోనే విరిగింది. "ఆ పొద్దు నేను నీకు చెయ్యెయ్యలేదు. నీ నెత్తురు చూసి కూడా వెయ్యలేదు. పదకొండేళ్ళు అది నా గుండెలో ముల్లు మాదిరి ఉండాది. ఆ కసి వాళ్ళింటి మీదైనా తీర్చుకుందామని..."

గంగాభవాని ఆమె చెయ్యి పట్టుకుంది. ఆటో డ్రైవర్లు హారన్లు మానేశారు.

"అందరూ వినండి" అంది. ఉపన్యాసం మాదిరి కాదు, ఇంట్లో అన్నానికి పిలిచినంత గొంతుతో. "ఆ మాట నేను అనింది నిజం. నోరు జారి అనలేదు. కడుపులో ఉండబట్టే అన్నా. అని సంతోషపడినా. తప్పు నాది. ఈ పిల్లకి నాలుగు రోజుల కష్టం నేను పెట్టినా. అమ్మే వెన్నెలా, మనసులో పెట్టుకోబాక."

నెత్తిన గంప ఉండటంతో ఆ పిల్ల తల ఊపలేకపోయింది. "పెట్టుకోను అత్తా" అని మాత్రం అంది. ఎవరో కిసుక్కున నవ్వారు. "ముందు దాని గంప దించండే, మెడ విరిగేట్టుంది" అని ఇంకెవరో అన్నారు.

ఆ సాయంత్రమే పంచాయతీ కూర్చుంది. ఎవరు ఏ తప్పు చేసినా, ఎవరి మీద ఎంత కోపమున్నా, ఈ పాలెంలో గంపకు చెయ్యి ఆపకూడదని గంగాభవాని చెప్పింది. "మనిషితో పోట్లాడండి. గంపతో పోట్లాడబాకండి. సర్పంచి చెప్పినా సరే వినబాకండి" అంది.

సంజీవరావు కలం పట్టుకుని గింజుకున్నాడు. "మేడం, ఇట్లాంటివి తీర్మానాల పుస్తకంలో రాయరు మేడం. పైవాళ్ళు చూస్తే ఏమనుకుంటారు?"

"చదివి ఏమన్నా అనుకుంటే ఒకసారి ఇక్కడికి రమ్మనండి సార్. గంప నింపి ఎదురుగా పెడదాం. ఎత్తుకోమందాం."

రాశాడు. వెనక వరసలో మొగవాళ్ళు సణిగారు కానీ, వేలిముద్ర వేయాల్సిన వాళ్ళు వేశారు, సంతకాలొచ్చిన వాళ్ళు చేశారు.

కాగితం మీద రాసింది ఇసకలోకి దిగుతుందా లేదా అన్నది మర్నాటి పొద్దునే తెలియాలి. గంగాభవాని చీకటితోనే లేచి తోపు దగ్గరకు పోయింది. ఒడ్డుకు మాత్రం పోలేదు. తను పోతే చెయ్యెయ్యడానికి అందరూ ఎగబడతారు. అది సర్పంచికి వేసిన చెయ్యి అవుతుంది కానీ వెన్నెలకు కాదు. అందుకని ఒక సరుగుడు చెట్టు పక్కన నిలబడి, కొంగు నోట్లో కుక్కుకుని, దూరంనుంచే చూసింది.

పడవలు వచ్చాయి. గంపలు నిండాయి. ఒకరికొకరు చేతులేసుకుంటున్నారు. వెన్నెల తన గంప పక్కన నిలబడి ఉంది, ఎవరివైపూ చూడకుండా, చుట్టకుదురు విప్పి చుట్టుకుంటూ. ఒక గంప లేచింది. రెండు. ఐదు. ఆ పిల్ల పక్కనుంచి ఒకామె వెళ్ళిపోయింది. ఇంకొకామె ఆగబోయి, పక్కనున్న వాళ్ళ ముఖాలు చూసి, కదిలిపోయింది. ఏళ్ళ నాటి అలవాటు ఒక్క రాత్రిలో కరుగుతుందా? వెన్నెల మెల్లగా వంగి గంప అంచు పట్టుకుని, పడవ వైపు లాగడం మొదలుపెట్టింది.

గంగాభవాని ఒక అడుగు ముందుకు వేసి, ఆగింది. ఆ ఆగడానికి ఆమెకు ఎంత బలం కావాల్సి వచ్చిందో ఆమెకే తెలుసు.

అప్పటికే తన గంప నెత్తినెత్తుకుని నాలుగడుగులు వచ్చేసిన మస్తానమ్మ నిలబడిపోయింది. వెనక్కి తిరిగింది. నెత్తిమీద గంపని, నిండు గంపని, వల దులిపే ఒక మొగమనిషి చేత మళ్ళీ ఇసకలోకి దింపించుకుంది. ఎత్తిన గంప దింపడమంటే ఆ ఒడ్డున ఎవరూ చెయ్యని పని. నడుము పట్టుకుని, గొణుక్కుంటూ వెన్నెల దగ్గరకు పోయింది. గాలికి ఆ గొంతు తోపు దాకా వినపడింది.

"చుట్టకుదురు ఇట్టనా చుట్టేది? ఇంటర్ లో ఇదేమే నేర్పింది? ఇటు తే! గుడ్డ పేనాల, గుండ్రంగా, బిగువుగా. ఆ... ఇప్పుడు వంగు. ఊ!"

మస్తానమ్మ గంపకు ఆ మొగమనిషే మళ్ళీ చెయ్యేశాడు. రెండు గంపలూ ఒకదాని వెనక ఒకటి తోపు వైపు కదిలాయి. దగ్గరికొచ్చాక వెన్నెల గంగాభవానిని చూసి నవ్వబోయింది, గంప ఒరిగింది.

"ఆఁ, నవ్వబాక!" అని గంగాభవాని కేకేసింది. "మెడ బిగబట్టబాక. చూపు కాళ్ళ మీద కాదు, దూరంగా పెట్టు. అట్టా. ఇంక నడువు."