ఒక డబ్బా యాసిడ్‌కు ఎంత గ్యాస్

మా కోడలు స్కూల్లో కెమిస్ట్రీ చెబుతుంది. ఇంటికొచ్చాక కూడా మోల్స్, గ్రాములు, లీటర్లు అంటూ కాగితాలు ముందేసుకుని కూర్చుంటుంది. "ఆ మోల్స్ కూడు పెడతాయా ఏమన్నా?" అని ఎన్నిసార్లు దెప్పానో! నాది మంచి నోరు కాదు, ఒప్పుకుంటాను. పాతికేళ్ళుగా లాండ్రీ నడుపుతున్నదాన్ని. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

ఆసుపత్రి దుప్పట్లు ఉతకడం మా పని. మా బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ. వెనక గదిలోని ఐదువేల లీటర్ల నల్ల ప్లాస్టిక్ ట్యాంకు అడుగున అది పెచ్చుకట్టి రాయిలా బిగుస్తుంది. ఏడాదికోసారి నీళ్ళు వదిలేసి, పైమూత తీసి యాసిడ్ పోస్తాం. బుసబుసా పొంగుతుంది. పొంగు చల్లారాక అడుగు కుళాయి తిప్పి ఆ బురద వదిలేస్తాం. అప్పుడు నేను నిచ్చెనెక్కి వాసన చూస్తాను. ఘాటు తగ్గిందంటే లోపలి గాలి బాగున్నట్టే, మనిషి దిగి మిగిలిన పెచ్చులు గీకెయ్యొచ్చు. ఈ పద్ధతి నేను పెట్టిందే. ఎప్పుడూ నాలుగు సీసాలే పోసేవాళ్ళం. ఈసారి పెచ్చు వేలెడు మందాన పేరుకుందని డబ్బా మొత్తం పోయించాను.

మా అబ్బాయి లోపలికి వేసిన నిచ్చెన మీద నడుము దాకా ట్యాంకులోకి దిగాడు. ఆ రోజు స్కూలు ఒంటిపూటే కావడంతో, ఒంటిమీది తెల్లకోటు కూడా విప్పకుండా కోడలు వచ్చింది.

"యాసిడ్ ఎంత పోశారు అత్తయ్యా?"

"డబ్బాడు. ఏం, నీకూ కావాలా?"

ఖాళీ డబ్బా మీది చీటీ చదివింది. సంచీ అక్కడే పడేసి, బయటి నిచ్చెన గబగబా ఎక్కి మొగుడి కాలర్ పట్టుకుంది.

"దిగకండి."

"వదులు. అమ్మ వాసన చూసిందిగా, ఏమీ లేదు," అన్నాడు వాడు.

"లోపల పుట్టింది కార్బన్ డయాక్సైడ్. ఈ గ్యాస్‌కి వాసన ఉండదండీ."

నాకు ఒళ్ళు మండింది. "నా ముక్కుకంటే నీ పుస్తకం గొప్పదా? సాయంత్రానికి మూడొందల దుప్పట్లు పోవాలి. నువ్వు దిగరా!" అన్నాను. అవును, కన్నతల్లిని, నేనే అన్నాను.

ఆ పిల్ల వాదించలేదు. ఎడమచేత్తో కాలర్ అలాగే పట్టుకుని, కుడిచేత్తో కోటు జేబులోంచి సుద్దముక్క తీసి ట్యాంకు మీద రాయడం మొదలుపెట్టింది.

"డబ్బాలో నలభై కిలోల సరుకు. వందకు ముప్పై పాళ్ళు అసలు యాసిడ్, అంటే పన్నెండు కిలోలు. ముప్పైయ్యారున్నర గ్రాములైతే ఒక మోల్. పన్నెండు వేల గ్రాముల్ని భాగిస్తే సుమారు మూడొందల ముప్పై మోల్స్. సున్నం మీద పడ్డప్పుడు రెండు మోల్స్ యాసిడ్‌కి ఒక మోల్ గ్యాస్ పుడుతుంది."

"నూట అరవై అయిదు," అన్నాను నేను. దుప్పట్లను జతల్లో లెక్కపెట్టే నోరు, ఊరుకోలేదు.

"సరిగ్గా చెప్పారు అత్తయ్యా! ఈ గది వేడికి ఒక్కో మోల్ ఇరవై నాలుగు లీటర్లు. మొత్తం దాదాపు నాలుగు వేల లీటర్లు. ట్యాంకు ఐదువేలది. ఈ గ్యాస్ గాలికంటే బరువు, అడుగున పడుంటుంది. కొంత బయటికి పోయిందనుకున్నా, అయిదొందల లీటర్లు మిగిలితే చాలు, మనిషి స్పృహ తప్పడానికి."

ఆ లెక్కలో తప్పు వెతికాను, దొరకలేదు. అయినా మొండితనం చావదే! "రాసిందల్లా నిజమేనా?" అని గొణిగాను.

"కొవ్వొత్తి దింపి చూద్దాం."

తీగకు కొవ్వొత్తి కట్టి, వెలిగించి, కోడలి పక్కన నేనూ నిచ్చెనెక్కి, మా అబ్బాయి పక్కనుంచి కిందికి వదిలాను. వాడి మోకాళ్ళ దగ్గరకు చేరిందో లేదో, టప్పున ఆరిపోయింది. మళ్ళీ వెలిగించి దింపాను. మళ్ళీ అక్కడే ఆరింది. ఇంకో నాలుగు మెట్లు దిగుంటే వాడి ముక్కు ఉండేది సరిగ్గా అక్కడ! "పైకి రారా నాయనా, పైకి రా!" అని అరిచాను.

వాడు బయటికొచ్చాక ట్యాంకును మూతిదాకా నీళ్ళతో నింపించింది. నీళ్ళు వచ్చినంత మేరా గ్యాస్‌కి చోటుండదు, పైనుంచి పోవాల్సిందేనట. తర్వాత నీళ్ళు వదిలేస్తే కొత్త గాలి వచ్చింది, కొవ్వొత్తి అడుగుదాకా వెలిగింది. అయినా ఎవర్నీ దిగనివ్వలేదు. పొడుగు కర్రకు బ్రష్ కట్టి బయటి నుంచే గీకించింది. దుప్పట్లు ఆలస్యమయ్యాయి, ఆసుపత్రి వాళ్ళు నాలుగు తిట్టారు, పడ్డాను. కోడలికి బుద్ధి చెప్పి అత్త తెడ్డు నాకిందని ఊరికే అన్నారా!

అసలు చెప్పాల్సింది ఇంకొకటుంది. వాడు నేలమీద కాలు పెట్టాక కూడా ఆ పిల్ల కాలర్ వదల్లేదు. "ఇక వదలవే, నేను బయటే ఉన్నా," అని వాడు నవ్వాడు. వదలబోయింది, చెయ్యి రాలేదు. ఏ ఒక్క అంకె దగ్గరా తడబడని పిల్ల, పిడికిలి తెరవలేక నా వంక చూసి ఏడ్చేసింది. "దా తల్లీ," అని దగ్గరకు తీసుకుని, బిగుసుకుపోయిన ఆ వేళ్ళను ఒక్కొక్కటే నేనే విడదీశాను.