కరివేపాకు కొమ్మ మీది పాపిలియో

మా ఆయన గణపతి ట్రెజరీ ఆఫీసులో ముప్పై నాలుగేళ్ళు గుమాస్తాగా పనిచేసి, ఒక్కరోజు కూడా ఎవరికీ ఎదురు చెప్పకుండా రిటైరైన మనిషి. ఇంట్లోనూ అంతే. ఉప్పు ఎక్కువైనా తింటారు, అసలు వేయకపోయినా తింటారు. ఆయన తరఫున కూడా నేనే మాట్లాడి మాట్లాడి ప్రొద్దుటూరంతా నాకు గయ్యాళి కమలాంబ అని పేరొచ్చింది. హైస్కూల్లో తెలుగు టీచరుగా సగం పేరు నేను సంపాదించుకున్నా, మిగతా సగం ఈయన పుణ్యమే.

అట్లాంటి మనిషికి సీతాకోకచిలుకల పిచ్చి పట్టింది. పొద్దున్నే కేశవ నామాలు ముగిసీ ముగియకముందే పెరట్లోకి పోయి ఇంకో జపం మొదలు. పాపిలియో డెమోలియస్, పాపిలియో పాలిటెస్, పాపిలియో పాలిమ్నెస్టర్. పాపిలియో అన్నది ఇంటిపేరట, తర్వాతది సొంత పేరట. మొదటిది పులివెందుల చీనీతోటల్లో బత్తాయి ఆకులు తింటుంది. రెండోది మా పెరటి కరివేపాకు తింటుంది. మూడోది ఈయనకింకా దర్శనం ఇవ్వలేదు. "సొంత మేనత్తల పేర్లు అడిగితే తడుముకుంటారు గానీ!" అని నేనంటే నవ్వి ఊరుకునేవారు.

ఊళ్ళో సీతాకోకచిలుకల గ్రూపొకటి ఉంది. దానికి పెద్ద రాజశేఖర్. ఏదో కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాడు, బారెడు కెమెరా మెడలో వేసుకుని తిరుగుతాడు, ఒకప్పుడు నా దగ్గర ఎనిమిదో తరగతి చదివాడు. పోయిన ఆదివారం మీటింగులో మా ఆయన ఒక ఫోటో చూపించారు. నల్ల రెక్కలు, మధ్యలో తెల్ల మచ్చ, కింద ఎర్ర చుక్కలు. "ఇది పాపిలియో కాదు సార్, వేరే జాతి. గాడిదగడపాకు తినేది" అన్నాడట రాజశేఖర్. ఈయన లేచి నిలబడి, "కాదు, పాపిలియో పాలిటెస్సే. ఆడది. చూపుకు అట్లా ఉంటుంది" అన్నారట. "ట్రెజరీ బిల్లా సార్ ఇది, మీరు సంతకం పెడితే చెల్లిపోయేదానికి?" అనేసరికి అందరూ గొల్లుమన్నారట. ఈయనకు పౌరుషం వచ్చింది! "వచ్చే ఆదివారం పది గంటలకు రుజువు తెస్తా. తేలేకపోతే గ్రూపులోకి మళ్ళీ రాను" అని వచ్చేశారు.

ఆ రుజువు మా కరివేపాకు చెట్టు మీదే ఉంది. ఒక పచ్చపురుగు ఆకులు మేసి కొమ్మకు గూడై వేలాడుతోంది. రాజశేఖర్ చెప్పిన జాతి కరివేపాకు వాసన కూడా చూడదట. కాబట్టి ఈ గూట్లోంచి ఎర్ర చుక్కలది వస్తే ఈయన గెలిచినట్టు. మగది వస్తే దానికి చుక్కలుండవు గనక ఏమీ తేలదు. "ఆదివారం దాకా కరివేపాకు ఎవరూ కోయకూడదు" అని ఈయన ఆర్డరు వేశారు. మా ఇంట్లో ఈయన వేసిన మొట్టమొదటి ఆర్డరు అదే.

శనివారం ఈయన చీనీతోటల్లో ఫోటోలకని పులివెందుల పోయారు. సాయంత్రం మూడో ఇంటి గులాబ్‌బీ సంచీ పట్టుకుని వచ్చింది. "టీచరమ్మా, జమ్మలమడుగుకు పోతాండా, మా కూతురు సాజియా ఇంటికి. రేపు మనవరాలికి బిస్మిల్లా చదివిస్తాండారు, మీ అక్షరాభ్యాసం మాదిరి. దాల్చాలోకి రెండు రెబ్బలు కరేపాకియ్యి."

మా వీధిలో కరివేపాకు కొనేవాళ్ళు లేరు, అడిగితే లేదనేవాళ్ళూ లేరు. చేతిలో దుడ్లు లేవంటే నమ్ముతారు. చెట్టు పెరట్లో పెట్టుకుని ఆకు లేదంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను? అందులోనూ పురుగు కోసమని చెప్పాలా? నాకు ఈయన మీద ఒళ్ళు మండింది. "రెబ్బలేం ఖర్మ, కొమ్మే తీసుకుపో" అని, తలకు తగులుతున్న కొమ్మను పటుక్కున విరిచి ఇచ్చేశాను. ఏ కొమ్మకు ఏముందో చూశానా, పెట్టానా!

ఈయన రాత్రి ఆఖరి బస్సుకు వచ్చి పడుకున్నారు. తెల్లవారుతూనే పెరట్లోకి పోయి, తిరిగొచ్చి వంటింట్లో నేల మీద చతికిలబడ్డారు. "కమలా, కొమ్మ లేదు."

నేను జరిగింది చెప్పాను. తిట్టలేదు. తిట్టి ఉంటే నేనూ నాలుగు అనేసి హాయిగా ఉండేదాన్ని. "పోనీలే. వాళ్ళు నవ్విందే నిజమనుకుంటా. గ్రూపు మానేస్తా" అన్నారు. ఈ మనిషి జన్మకల్లా ఒక్కసారి గొంతెత్తితే, దాన్ని నా చేత్తో నేనే విరిచి సంచీలో పెట్టి పంపించాను.

"మానేస్తారట! లేవండి, మొదటి బస్సు అందుకుందాం" అన్నాను.

ఏడు గంటలకల్లా జమ్మలమడుగులో సాజియా ఇంటి ముందున్నాం. వాకిట్లో ఉల్లిపాయలు తరుగుతున్న గులాబ్‌బీ బిత్తరపోయింది. "ఏంది టీచరమ్మా, ఇంత పొద్దున్నే? ఏమైనాది?"

"కరివేపాకు కొమ్మేదీ?"

"ఆకు దూసి పెట్టుకున్నాం. పుల్లలు ఇప్పుడే మేకకేసినా. ఆడుంది సూడు."

చూశాను. మూలన మేక, మేక నోట్లో పుల్ల, పుల్ల చివర గూడు. ముప్పై రెండేళ్ళు ఎనిమిదో తరగతిని అదుపులో పెట్టినదాన్ని, నాకు మేకొక లెక్కా! "ఉమ్మెయ్! ఉమ్మేస్తావా లేదా!" అని అరిచిన అరుపుకు మేక పుల్ల వదిలేసి గోడకు కరుచుకుపోయింది. ఉల్లిపాయల దగ్గర గులాబ్‌బీ కూడా కత్తిపీట వదిలేసింది.

ఈయన పుల్లను దోసిట్లోకి తీసుకున్నారు. గూడు నల్లబడింది. "ఇవాళే వస్తుంది కమలా. ఇంకో గంటో, రెండు గంటలో. బస్సు కుదుపులకు రెక్కలు చెడిపోతాయి, కదపకూడదు" అన్నారు. సాజియా గ్లాసు నిండా బియ్యం పోసి పుల్లను నిలబెట్టింది. చుట్టాలతో సహా అందరం చుట్టూ కూర్చున్నాం. ఎనిమిదింటికి గూడు చిట్లింది. పిండిన గుడ్డలాంటి రెక్కలతో ఒక ప్రాణి బయటికొచ్చి, పుల్ల పట్టుకుని వేలాడింది. రెక్కలు మెల్లగా సాగాయి. నలుపు. తెల్ల మచ్చ. కింద ఒకటి, రెండు, మూడు, వరసగా ఎర్ర చుక్కలు!

"యా అల్లా, ఎంత బాగుందప్పా!" అంది గులాబ్‌బీ. మా ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఫోన్ ఇటివ్వండి. ఆ రాజశేఖర్ గాడితో నేను మాట్లాడతా" అన్నాను.

"వద్దు కమలా. మాటిచ్చింది నేను" అని ఈయనే చేశారు. "రాజశేఖర్ గారూ, నేను రాలేను, మీరే జమ్మలమడుగుకు రండి. అది ఎగిరిపోయే లోపల రావాలి." గొంతు వణకలేదు. నేను కొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డాను. నోరు మూసుకోవడం ఇంత కష్టమని నాకు ఆ రోజే తెలిసింది.

ముప్పావు గంటలో కారు వచ్చింది. రాజశేఖర్ నన్ను చూసి, "నమస్తే టీచర్" అని చేతులు కట్టుకున్నాడు. తర్వాత పుల్ల చూశాడు, ఖాళీ గూడు చూశాడు, పక్కనే ఆరుతున్న రెక్కలు చూశాడు. ఈయన వేలితో చూపించారు: రాజశేఖర్ చెప్పిన జాతికి ఒళ్ళు ఎర్రగా ఉంటుంది, దీనికి నల్లగా ఉంది. రాజశేఖర్ చాలాసేపు కెమెరాలోంచి చూసి దించాడు.

"తప్పు నాదే సార్. అందరి ముందర నవ్వినాను, అందరి ముందరే చెప్తా. కానీ దీనికి ఈ వేషం ఎందుకు సార్?"

"ఆ జాతికి ఒళ్ళంతా విషం. పిట్టలు దాని జోలికి పోవు. దీనికి విషం లేదు. అందుకని దానిలా కనిపిస్తుంది, అంతే. చూసి భయపడి ఎవరూ దగ్గరికి రారు."

"అంతమంది నవ్వుతా ఉన్నా అంత గట్టిగా ఎట్లా చెప్పగలిగినారు సార్?"

మా ఆయన నావైపు ఒకసారి చూశారు. "ముప్పై ఆరేళ్ళుగా ఇంట్లో చూస్తున్నా కదప్పా. పైకి చూసి ఊరంతా దూరం జరుగుతుంది. లోపల చుక్క విషం ఉండదు."

రాజశేఖర్ నవ్వాలా వద్దా తెలియక నావైపు చూశాడు. గులాబ్‌బీ మాత్రం పడీ పడీ నవ్వింది. ఇంటికి పదండి, మీ పని చెప్తా అని నోటిదాకా వచ్చింది గానీ, పోయి కత్తిపీట ముందు కూర్చుని మిగిలిన ఉల్లిపాయలు తరిగాను.

బస్సు జమ్మలమడుగు దాటేదాకా ఓర్చుకున్నాను. తర్వాత కిటికీలోంచి బయటికే చూస్తూ, "ఇందాక నన్నేమన్నారు? ఇంకోసారి అనండి" అన్నాను.

అన్నారు.