గాలి లేని సాయంత్రం

ఇకనాగో చేపపిల్లలు ఉడుకుతున్నంతసేపూ గరిట పెట్టకూడదు. పెడితే చిట్లిపోతాయి. వండే మనిషి మనసు ఇంట్లో లేకపోతే చేప విరుగుతుందని మా అత్తగారి నమ్మకం. మాంసకృత్తులు గట్టిపడకముందు ఏ మనసుతో కదిపినా విరుగుతాయని ముప్పై రెండేళ్లు బడిలో సైన్సు చెప్పిన నాకు తెలుసు. అయినా ఆవిడతో ఎన్నడూ వాదించలేదు. మార్చి వచ్చిందంటే కోబె తీరాన మా తరుమి పేటలో ప్రతి వంటింటి నుంచీ సోయా, అల్లం, పంచదార కలిసి ఉడికే వాసన వస్తుంది. ఆడవాళ్లం పొద్దున్నే చేపల కొట్టు ముందు వరుస కడతాం. కిలోల కొద్దీ వండి, డబ్బాలకెత్తి, బంధువులందరికీ పంపుతాం. "సకాదాగారింటి చేప" అని వాళ్లు మెచ్చుకుంటారు. సకాదా మావారి ఇంటిపేరు.

ఈసారి మొదటి డబ్బా అవాజి దీవిలో ఉన్న మా అక్క తొకియెకి. మెట్ల మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది, ఒంటరి మనిషి. నేను డబ్బా మూట కడుతుంటే మావారు పేపరులోంచి తల ఎత్తకుండా, "సాయంత్రం భోజనానికి వచ్చేస్తావుగా? వంతెన ఉందిగా" అన్నారు.

ఉంది. మాకూ దీవికీ మధ్యనున్న జలసంధి మీద తీగలకు వేలాడుతూ, ఎంతటి తుపానుకైనా తట్టుకునేలా. అది కట్టకముందు ఏళ్ల తరబడి అక్కడి గాలిని కొలిచి నమోదు చేసినవారిలో మావారొకరు. ఆ లెక్కల మీద నాకు గౌరవం ఉంది. కానీ వంతెన లేని రోజుల్లో గాలి నా పక్షాన ఉండేది. పడవలో దీవిలోని పుట్టింటికి వెళ్లి, సాయంత్రానికి ఫోన్ చేసి, "గాలి ఎక్కువగా ఉందండీ, పడవలు ఆపేశారు" అనేదాన్ని. నిజంగా ఆపిన రోజులు కొన్నే. మిగతా రోజుల్లో అద్దంలా ఉన్న నీళ్లను కిటికీలోంచి చూస్తూ అమ్మ, "అబ్బ, ఎంత గాలే తల్లీ!" అంటూ నాకు పక్క పరిచేది. ఆధారం లేనిదే ఏదీ నమ్మొద్దని పిల్లలకు బోధించే నేను, ఒక్క రాత్రి నిద్ర కోసం వాతావరణాన్నే కల్పించేదాన్ని. వంతెన తెరిచిన రోజు అత్తగారు, "ఇక అక్కడ పడుకునే అవస్థ తప్పింది అమ్మాయ్" అన్నారు, ఎంతో ప్రేమగా. ఆవిడ పోయి ఆరేళ్లయినా ఆ మాట పోలేదు.

నేను వెళ్లేసరికి అక్క ఎడమచేత్తో జుట్టు ముడి వేసుకోబోయి, ఓడిపోయి కూర్చుని ఉంది. దువ్వెన తీసుకుని దువ్వాను. వంట చేశాను, బట్టలు ఆరేశాను. నాలుగు దాటింది.

"ఇక బయల్దేరవే. మీ ఆయన ఖాళీ గిన్నె ముందు పెట్టుకుని ఏడుస్తుంటాడు" అంది అక్క.

"ఏడవనీ. రైస్ కుక్కర్‌కి ఉన్నది ఒక్కటే మీట."

ఫోన్ తీశాను.

"ఈ రాత్రికి రావడం లేదండీ."

"ఏం, వంతెన మూసేశారా?"

"లేదు, తెరిచే ఉంది."

"మరి గాలా?"

"గాలీ లేదు. అక్క చెయ్యి నయమయ్యేదాకా ఇక్కడే ఉంటాను. ఉండాలనుంది."

ఆయన నెమ్మదిగా, "అప్పుడూ ఉండేది కాదు" అన్నారు.

"ఏది?"

"గాలి. రోజూ కొలిచేది నేనేగా. నిజమేనట్రా అని మా అమ్మ నన్ను అడిగేది. ఔనమ్మా, పెద్ద గాలి అనేవాణ్ణి."

నాకు కళ్లు చెమర్చాయి. ఒకే అబద్ధాన్ని చెరో ఒడ్డున నిలబడి ఇన్నేళ్లు మోశామన్నమాట. ఆ మనిషి ఎంత దగ్గరివాడో అప్పుడు తెలిసింది. అయితే, "తనకి ఉండాలని ఉందమ్మా" అని తల్లితో ఒక్కసారి అనడం కన్నా, లేని గాలికి సాక్ష్యం చెప్పడమే ఆయనకు తేలికైందనీ తెలిసింది. ఆయన్నొక్కర్నే ఏమనను? నేను మాత్రం అన్నానా ఆ మాట?

"ఫ్రిజ్‌లో ఇంకో కిలో చేప ఉందే, దాన్నేం చెయ్యను?" అన్నారు.

"వండండి. అల్లం దండిగా వెయ్యండి. గరిట మాత్రం పెట్టకండి."

"కంగారొస్తే?"

"చేతులు కట్టుకుని కూర్చోండి."

ఫోన్ పెట్టేశాను. అక్క అంతా విన్నది. కిటికీ దగ్గరికి వెళ్లి, అలల్లేని నీళ్లకేసి చూస్తూ, అచ్చం అమ్మ గొంతుతో, "అబ్బ, ఎంత గాలే చెల్లీ!" అంది.

"గాలి లేదక్కా" అన్నాను.