బొమ్మకు నెత్తురు

రాత్రి నానబెట్టిన తపసి చెట్టు జిగురు తెల్లారేసరికి బకెట్లో ఉబ్బి ఉంది. ఫల్గుణ దాన్ని కర్రతో తిప్పి, ఎర్రరంగు పోశాడు. చిటికెడు నల్లరంగు వేశాడు. బొటనవేలు ముంచి పైకెత్తి, గోరు మీంచి చుక్క ఎంతసేపటికి రాలుతుందో చూశాడు. తొందరగా రాలింది. ఇంకాస్త జిగురు కలిపాడు. పొద్దుటి నుంచీ ఎడమ చెయ్యి బరువుగా ఉంది. బకెట్టు మోసినందుకు అనుకున్నాడు.

అరకులో నర్సు పిల్లలకు పని నేర్పే కేంద్రం అది. అతన్ని ఊడవడానికి తీసుకున్నారు. రబ్బరు బొమ్మ వచ్చాక దానికి నెత్తురు పంపే పని కూడా నెత్తిన రుద్దారు. బొమ్మ తొడ మీద గాటు ఉంటుంది. లోపలి నుంచి ఒక గొట్టం గోడవార తెర వెనక్కి పోతుంది. అక్కడ స్టూలు మీద కూర్చుని ఫల్గుణ పాదంతో రబ్బరు బుడ్డిని తొక్కుతాడు. తొక్కినప్పుడల్లా గాటులోంచి నెత్తురు చిమ్ముతుంది. గజ్జల దగ్గర సరైన చోట పిడికిలితో అదిమితే గొట్టం అణిగి ఆగుతుంది. అంతే సంగతి. దీనికి కంపెనీవాళ్లు బూట్లేసుకొచ్చి రెండు రోజులు ఉపన్యాసం దంచారు. వాళ్లు తెచ్చిన రంగు పొడి కలిపితే నెత్తురు పానకంలా పారింది. దానికి అందరూ చప్పట్లు కొట్టారు. నెత్తురు ఎలా పోతుందో ఆ గదిలో ఒక్కరూ ఎరగరు.

ఫల్గుణకు తెలుసు. ఇరవై ఏళ్ల కిందట అతని భార్య తమ్ముడు భీముడు జీలుగు కల్లుకు చెట్టెక్కి, జారి, తన కత్తి మీద తనే పడ్డాడు. తొడ తెగింది. కొండ దిగి, జీపు దొరికి, ఆసుపత్రికి చేరేదాకా మూడు గంటలు ఫల్గుణ అతని గజ్జల్లోంచి పిడికిలి తియ్యలేదు. నాడి మొదట గుద్దినట్టు కొట్టింది. పోనుపోను నీరసంగా, హడావుడిగా, చేతిలో కోడిపిల్లలా కొట్టుకుంది. డాక్టరు ఫొటో పేపర్లో పడింది. భీముడు బతికాడు. బతికి తాగుతున్నాడు. ఎదురుపడితే మొహం తిప్పుకుంటాడు.

బొమ్మకు కూడా ఫల్గుణ అలాగే పంపుతాడు. ముందు బలంగా, పిల్ల ఆలస్యం చేసేకొద్దీ తేలిగ్గా, తొందరగా. అలా చెయ్యమని ఎవరూ చెప్పలేదు. చేస్తున్నాడని ఎవరూ కనిపెట్టలేదు.

ఆ రోజు పరీక్ష. విశాఖపట్నం నుంచి పద్మావతి మేడమ్ కారులో వచ్చింది. ప్రిన్సిపాలు వీరభద్రరావు ఆమెకు ఇడ్లీ పెట్టించి, కాఫీ తాగించి, మధ్యాహ్నానికి బొంగులో చికెన్ పురమాయించి, తెర వెనక్కి వచ్చాడు. పద్ధతి పాతదేనన్నాడు. తను దగ్గగానే ఫల్గుణ గొట్టానికి క్లిప్పు బిగించాలి. నెత్తురు ఆగుతుంది, పిల్ల పాసవుతుంది, కేంద్రానికి నూటికి నూరు. ఆరేళ్లుగా ఫల్గుణ బిగిస్తూనే ఉన్నాడు. దగ్గులతో పాసైన నర్సులు ఏయే కొండల మీద ఉన్నారో తలుచుకుంటే అతనికి తన మీదే రోత పుడుతుంది.

అతను వెళ్లాక రమణి వచ్చింది. ఆమెది పదో వంతు. బొమ్మను పిల్లిని నిమిరినట్టు నొక్కే పిల్ల. తన వంతులో క్లిప్పు ఇంకాస్త ముందే బిగించమని బతిమాలింది. ఈ ఉద్యోగం రాకపోతే ఇంట్లో గంజి కూడా కష్టమంది. ఎక్కడ వేస్తారని అతను అడిగాడు. ఆమె చెప్పింది. అది అతని ఊరే.

"నాను కట్టను. నెత్తురు నీ సెయ్యే కట్టాల," అన్నాడు ఫల్గుణ.

"ఏటి తాతా, అందరికీ కట్టి నాకేటి?"

"అందరూ మా ఊరు రారు గుంటా. అదిమితే కింద నాడి తగలాల. తగల్లేదంటే సోటు తప్పు."

ఆమె మూతి ముడుచుకుని పోయింది.

తొమ్మిది మంది తొమ్మిది దగ్గులతో పాసయ్యారు. ఒకమ్మాయి మోకాలి దగ్గర నొక్కినా పాసే. మేడమ్ ఫోను చూసుకుంటూ టిక్కులు పెట్టింది.

రమణి వంతు వచ్చింది. నెత్తురు చిమ్మింది. వీరభద్రరావు దగ్గాడు. ఆగలేదు. మళ్లీ దగ్గాడు. దగ్గుకు మందేమైనా వాడుతున్నారా అని మేడమ్ అడిగింది. నెత్తురు మంచం దాటి నేల మీదికి, నేల మీంచి మేడమ్ చెప్పుల వైపు పాకింది. ఆమె కాళ్లు పైకెత్తుకుంది. రమణి ఏడుస్తూ అక్కడా ఇక్కడా నొక్కింది. ఇక లాభం లేదని మంచమెక్కి, మోకాళ్ల మీద కూర్చుని, ఒళ్లు బరువంతా పిడికిలి మీద వేసింది.

ఆగింది.

పిడికిలి కింద నాడి తగిలింది. మేడమ్ టిక్కు పెట్టి తర్వాతి పేరు పిలిచింది. రమణి చెయ్యి తియ్యలేదు. నాడి తేలికైంది. తొందరపడింది. ముసలాడు ఇంకా పరీక్ష పెడుతున్నాడనుకుని ఇంకా గట్టిగా అదిమింది. ఒక దెబ్బ తప్పింది. రెండు కొట్టింది. ఒకటి. ఆ తర్వాత ఏమీ లేదు.

"సార్, నాడి ఆగిపోనాది."

"బొమ్మకు నాడేంటమ్మా. దిగు," అన్నాడు వీరభద్రరావు.

"తాతని సూడండి సార్."

తెర తీశారు. ఫల్గుణ గోడకు ఆనుకుని ఉన్నాడు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. క్లిప్పు బిగించి లేదు. మిగతా నర్సు పిల్లలంతా గోడ వైపు జరిగారు. రమణి ఒక్కతే అతన్ని నేల మీదికి లాగి గుండె మీద అదమసాగింది. మేడమ్ అంబులెన్సుకు ఫోను చేసి, ఎంతసేపైనా రాలేదని విసుక్కుంది. అది వచ్చేసరికి అవసరం తీరిపోయింది.

మిగిలిన ఇరవైమందినీ బొమ్మ లేకుండానే పాసు చేశారు. చికెన్ చల్లారిపోయిందని వీరభద్రరావు వంటవాడి మీద కేకలేశాడు. మేడమ్ చీకటి పడకముందే ఘాట్ దిగాలని బయల్దేరింది. నేల మీది నెత్తురు మాత్రం జిగురు పట్టి, ఎన్ని నీళ్లు కొట్టినా వదల్లేదు.

సాయంత్రం స్టూలు తీసి బయట పడేశారు. తెర వెనక, అతను మడమ ఆనించి బుడ్డిని తొక్కే చోట, ఒక ఇటుక ఉండిపోయింది. మడమ పట్టేంత మేర అరిగి, గుంట పడి, నున్నగా ఉంది.