మూడో అధ్యాయం తీసేది లేదు

"మూడో అధ్యాయం తీసెయ్," అన్నాడు గైడు, సంతకం పెడదామని తెరిచిన పెన్నుకు మళ్ళీ మూత బిగిస్తూ. "నాలుగోది మూడోదవుతుంది, అయిదోది నాలుగోదవుతుంది. కొంపేం మునగదు."

లాయరమ్మ ఆ పెన్ను మూతవైపే చూసింది. ఆమె ఇంకా లాయరు కాలేదు. పెళ్ళయిన మర్నాటి నుంచీ మొగుడు అలా పిలుస్తున్నాడు, అత్తగారూ అదే పట్టుకుంది, ఆ పిలుపు వినబడితే చాలు ఆమెకు నవ్వొచ్చేస్తుంది. లా కాలేజీలో పీజీ చివరి ఏడు. థీసిస్ చేతిలో ఉంది. శుక్రవారం సాయంత్రం అయిదింటికి కౌంటరు మూసేస్తారు. ఆలోపు గైడు సంతకంతో మూడు ప్రతులు ఇవ్వకపోతే ఏడాది గంగలో కలిసినట్టే. ఇవాళ బుధవారం.

"అందులో తప్పేముంది సార్?"

"తప్పని ఎవరన్నారు? అనవసరం అంటున్నాను."

కాలేజీలో ఆయన్ని అందరూ పెద్దపుస్తకం అంటారు, ఆయన వినకుండా. ఇళ్ళ అద్దెల చట్టం మీద ఆయన రాసిన పుస్తకం తలగడంత ఉంటుంది, తల కింద పెట్టుకున్న విద్యార్థులూ లేకపోలేదు. అక్కడ ఒక ఆచారం. థీసిస్ దేనిమీద రాసినా సరే, రెండో అధ్యాయంలో ఆ పుస్తకంలోంచి ఒక వాక్యమైనా ఎత్తి రాయాలి. ఎక్కడా లేని రూలు, అందరూ పాటించే రూలు. అందరూ ఎత్తేదీ ఒకటే వాక్యం. అద్దె ఆలస్యమైతే అద్దెకున్నవాళ్ళకు ముందుగా చెప్పకుండానే యజమాని తాళం వేసుకోవచ్చునని న్యాయస్థానం తేల్చింది, అని.

న్యాయస్థానం అలా తేల్చలేదు. ఆ సంగతి లాయరమ్మకు ప్రేమ పుణ్యమా అని తెలిసింది. పెళ్ళికి ముందు ఒక మధ్యాహ్నం సినిమాకు తీసుకెళ్తానన్న కాబోయే మొగుడు, ఎక్కడో రెండంతస్తుల మధ్య ఇరుక్కున్న లిఫ్టు దగ్గర ఉండిపోయాడు. లిఫ్టు మెకానిక్కును ప్రేమించిన పిల్లకు వేచి ఉండటం అలవాటవుతుంది. లైబ్రరీలో కూర్చుని, ఏం తోచక, ఆ తీర్పును మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివేసింది. తీర్పును మొత్తంగా చదవడం చదువుకున్నవాళ్ళు చేసే పని కాదు. సారాంశాల పుస్తకంలో నాలుగు ముక్కలు చూసుకుని ముందుకు పోతారు. ముగ్గురు జడ్జీలు విన్న కేసు అది. చెప్పకుండా తాళం వేస్తే చెల్లదన్నారు ఇద్దరు. మూడో ఆయన, నేనొప్పుకోను, వేసుకోవచ్చు అని విడిగా రాసుకున్నాడు. పెద్దపుస్తకం ఎత్తి రాసింది ఆ ఓడిపోయిన మూడో ఆయన మాటల్ని.

ఆ పుస్తకాన్ని చూసి థీసిస్‌లు రాశారు. థీసిస్‌లు రాసినవాళ్ళు లాయర్లయ్యారు, చిన్న కోర్టుల్లో ఆ వాక్యమే వల్లించారు. అలా ఎవరెవరి మంచాలూ గిన్నెలూ వీధిన పడ్డాయో లాయరమ్మ ఒక్కొక్క కేసే వెతికి పట్టుకుంది. మూడో అధ్యాయం అదే. తీర్పు చదివిన ఆ మధ్యాహ్నం కాబోయే మొగుడు గ్రీజు చేతులతో, సిద్ధం చేసుకున్న సంజాయిషీతో వచ్చేసరికి ఆమె మొహం దీపంలా వెలిగిపోతోంది. తనను చూసే అనుకున్నాడు పాపం.

"నేను ఆ పుస్తకం రాసేనాటికి నువ్వు పుట్టనేలేదు," అన్నాడు గైడు. గొంతు కటువుగా లేదు, అదే చిక్కు. "చూడమ్మా, వచ్చే ఏడు ఇక్కడ పాఠాలు చెప్పే పోస్టు ఒకటి ఖాళీ అవుతోంది. నీ పేరే నా మనసులో ఉంది. తెలివైన పిల్లవి. ఆ అధ్యాయం తీసేసి రేపు తీసుకురా, కళ్ళు మూసుకుని సంతకం పెడతా."

"కళ్ళు తెరిచి పెట్టండి సార్," అందామనుకుంది. "ఆలోచిస్తాను సార్," అంది.

ఇంటికి నడుస్తున్నంతసేపూ ఆలోచించింది. మూడు అంతస్తులెక్కి తలుపును భుజంతో తోస్తేగాని తెరుచుకోని ఆ చిన్న ఇల్లు చూడగానే ఏడుపొచ్చినంత పనైంది, మరుక్షణం నవ్వూ వచ్చింది. మొగుడు నేలమీద బాసింపట్టు వేసుకుని థీసిస్ నియమాల కాగితం పట్టుకుని, పెళ్ళిపత్రిక చదువుతున్నట్టు గొంతు పెంచి చదువుతున్నాడు.

"ఎడమవైపు ఒకటిన్నర అంగుళం ఖాళీ వదలవలెను. విన్నావా అమ్మా? మన మంచానికీ గోడకీ మధ్య కూడా అంత ఖాళీ లేదు. నల్ల అట్ట, బంగారు అక్షరాలు. చేత్తో దిద్దిన ప్రతులు స్వీకరింపబడవు. అబ్బో, నా పెళ్ళికి కూడా ఇన్ని షరతులు లేవు."

అత్తగారు ఆస్పత్రి లాండ్రీలో సూపర్‌వైజరు. డ్యూటీ నుంచి వచ్చి, బల్ల దగ్గర కాళ్ళు చాపుకుని టీ తాగుతోంది. కోడలి మొహం చూసి గ్లాసు కింద పెట్టింది.

"ఏమన్నాడు మీ తలగడ మాస్టారు?"

లాయరమ్మ చెప్పింది. పోస్టు సంగతి కూడా దాచలేదు. మొగుడు కాగితం పక్కన పెట్టాడు.

"ఇందులో ఆలోచించడానికేముందే," అంది అత్తగారు. "సంతకం చేయించుకో. పట్టా చేతికొచ్చాక ఎన్ని నిజాలు కావాలంటే అన్ని రాసుకో. నిజం ఏమన్నా పాలా, విరిగిపోవడానికి?"

"రెండో అధ్యాయంలో ఆ తప్పు వాక్యం నా చేత్తో రాయాలి అత్తయ్యా. ఆయన్ని చూసి పాతవాళ్ళు రాశారు. రేపు నన్ను చూసి ఇంకొకళ్ళు రాస్తారు."

"రాయనీ. లోకాన్ని ఉద్ధరించే కాంట్రాక్టు నీకే ఇచ్చారా?"

"నాకే ఇవ్వలేదు. కానీ చదివింది నేనేగా."

అత్తగారు కోడల్ని ఎగాదిగా చూసింది. "ఒరేయ్, నువ్వు చెప్పరా."

"నేను లిఫ్టులు చేసేవాణ్ణి," అన్నాడు మొగుడు. "తాడు తెగేలా ఉందని తెలిశాక బాగుందని రాసి సంతకం పెడితే, ఎక్కినవాళ్ళు పోతారు. ఇందులో ఎవరూ పోరు కదా?"

"ఇల్లు పోతుంది."

"మరింకేం," అన్నాడు, మళ్ళీ నియమాల కాగితం అందుకుంటూ. "అట్ట నల్లగానే ఉండాలా? నీలం బాగుంటుంది నీకు."

లాయరమ్మ వంగి అతని నెత్తిమీద ఒక్కటిచ్చింది. అత్తగారు మొహం అటు తిప్పుకుంది, నవ్వు కనబడకుండా. "సరే, నీ ఇష్టం. కానీ ఓడిపోయి వచ్చి ఏడిస్తే చెప్పలేదనకు, ఈ ఇంట్లో ఏడవడానికి చోటు లేదు. ఉన్న ఒక్క గదీ మీరిద్దరూ కిలకిలలాడటానికే చాలట్లేదు."

మర్నాడు లాయరమ్మ గైడు దగ్గరకు వెళ్ళలేదు. బైండింగు షాపుకు వెళ్ళింది. అధ్యాయాలు ఎన్ని ఉండాలో అన్నీ ఉన్నాయి. అట్ట ఆరకముందే బంగారు అక్షరాలను వేలితో తడిమి, వేలు మెరుస్తుంటే షాపువాడికి చూపించి మరీ మురిసిపోయింది. గైడు సంతకం చేయాల్సిన పేజీలో చుక్కల గీత ఖాళీగా ఉంది.

శుక్రవారం మధ్యాహ్నానికే కౌంటరు ముందు వరస మెట్ల దాకా వచ్చింది. అందరి చేతుల్లోనూ నల్ల అట్టలే. లాయరమ్మ వెనకాల నిలబడ్డ పొడుగమ్మాయి తన థీసిస్‌ను చంటిపిల్లలా గుండెకు హత్తుకుని ఉంది.

గుమస్తా అట్ట చూశాడు, స్కేలు పెట్టి మార్జిన్ కొలిచాడు, తల పంకించాడు. సంతకాల పేజీ దగ్గర ఆగిపోయాడు.

"గైడు సంతకం ఏదమ్మా?"

"పెట్టలేదండి."

"అయితే పెట్టించుకుని రా. సంతకం లేనిదే తీసుకోం."

"తీసుకోకండి. ఎందుకు తీసుకోవట్లేదో రాసివ్వండి."

గుమస్తా కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "ఇక్కడ తీసుకుంటే రసీదు ఇస్తాం. తీసుకోకపోతే ఏమీ ఇవ్వం. అలాంటి కాగితమే లేదు మా దగ్గర."

"తెల్లకాగితం చాలండి. నేనిస్తాను."

"అమ్మా, వెనకాల ఇంతమంది ఉన్నారు. పక్కకు జరుగు."

"జరగను. మీ మీద కోపం లేదండి. కానీ జరగను."

వరసలో గుసగుసలు మొదలయ్యాయి. ఎవరో "లాయరు దొరికింది," అన్నారు, ఇంకెవరో నవ్వారు. లాయరమ్మ చెవులు ఎర్రబడ్డాయి, కాళ్ళు మాత్రం నాటుకుపోయాయి. పది నిమిషాల తగువు తర్వాత లోపలి గది తలుపు తెరుచుకుని డీన్ మేడమ్ బయటికి వచ్చింది. పొట్టి మనిషి, మొదటి ఏడు వాళ్ళకు పాఠం చెప్పింది ఆవిడే.

"ఏమిటీ సంత?"

గుమస్తా చెప్పాడు. ఆవిడ సంతకాల పేజీ చూసింది. "రూలు స్పష్టంగా ఉందమ్మా. గైడు సంతకం ఉండాలి."

"రూలును కాదనట్లేదు మేడమ్. సంతకం ఎందుకు నిరాకరించారో కారణం రాసివ్వమంటున్నాను. కారణం చెప్పని ఉత్తర్వు కాగితం దండగ అని మొదటి క్లాసులో మీరే చెప్పారు. పరీక్షలో రాస్తే మార్కులు కూడా వేశారు."

వరస గొల్లుమంది. డీన్ మేడమ్ నవ్వలేదు. గుమస్తావైపు తిరిగి, "ఆయన్ని పిలవండి," అంది.

పెద్దపుస్తకం గారు చేతులు వెనక్కి కట్టుకుని వచ్చాడు. పిల్లలంతా తెలియకుండానే సర్దుకుని నిలబడ్డారు. బల్లమీది మూడు ప్రతులను చూడగానే ఆయనకు విషయం తెలిసిపోయింది.

"తియ్యలేదన్నమాట."

"లేదు సార్."

"ఈ అమ్మాయి కారణం అడుగుతోంది," అంది డీన్ మేడమ్. "రాసిచ్చేయండి. పది పేజీలు తక్కువనో, మార్జిన్ చాలలేదనో, పరిశోధన తప్పనో. ఏదుంటే అది."

"పరిశోధన తప్పని రాస్తాను."

"ఎక్కడ తప్పు సార్?" అంది లాయరమ్మ.

"అమ్మాయ్, నాతో వాదించకు. ఆ తీర్పును నేను క్లాసులో ఎన్నిసార్లు చెప్పానో నీకు తెలుసా?"

"చాలాసార్లు చెప్పారు సార్. నేనూ విన్నాను. మొత్తం చదివారా?"

ఆ ప్రశ్న ఆయన్ని అలా అడిగినవాళ్ళు ఆ భవనంలో లేరు. డీన్ మేడమ్ ఆయనవైపు తిరిగింది, అడిగింది లాయరమ్మే అయినా జవాబు తనకు కావాలన్నట్టు. ఆయన కిటికీవైపు చూశాడు. అబద్ధమాడటం ఆయనకు చేతకాదు. అది ఆయన గొప్పతనమూ, ఆ సాయంత్రం ఆయన ఇబ్బందీ.

"నా పరువుతో నీకేం పని?" అన్నాడు చివరికి, మెల్లగా. "ఒక వాక్యం. ఎన్నేళ్ళో అయింది. నీ చదువుకు అదేమన్నా అడ్డమా?"

"మీరు రాసినప్పుడు నేను పుట్టలేదని మీరే అన్నారు సార్. అందుకే ఆ తప్పులో నాకు ఇంతవరకూ వాటా లేదు. ఇప్పుడు తీసేస్తే ఉంటుంది."

ఆయన మొహం జేవురించింది. గుమస్తా ముందున్న తెల్లకాగితం లాక్కున్నాడు, నిలబడే రాశాడు, కింద సంతకం గీకి డీన్ మేడమ్ ముందుకు తోశాడు. ఆవిడ పైకే చదివింది.

"మూడవ అధ్యాయము నా గ్రంథముతో ఏకీభవించనందున నిరాకరించడమైనది." కళ్ళెత్తింది. "ఇదేనా కారణం?"

"అదే."

"తప్పని రాయలేదేం?"

"తప్పని రాయలేను," అన్నాడాయన, గోడవైపు చూస్తూ.

డీన్ మేడమ్ కాగితాన్ని మడిచి థీసిస్ పై ప్రతి అట్టలో పెట్టింది. "తీసుకోండి," అంది గుమస్తాతో. "మూడూ తీసుకోండి. రసీదివ్వండి. గైడు పుస్తకంతో ఏకీభవించకూడదని రూలేదీ లేదు. ఈ కాగితం కూడా బయటి పరీక్షకులకు వెళ్తుంది. పాసు చేస్తారో లేదో వాళ్ళిష్టం. చదివి తేల్చుకుంటారు."

"పాసైనా సరే," అన్నాడు పెద్దపుస్తకం, వెళ్ళబోతూ ఆగి, "నేనున్నంతకాలం ఈ కాలేజీలో నీకు ఉద్యోగం ఉండదమ్మా. అది కూడా రాసిమ్మంటావా?"

"అక్కర్లేదు సార్. మీ మాట మీద నమ్మకముంది."

ఆయన వెళ్ళిపోయాడు. పోస్టు కూడా ఆయనతోపాటే వరండా దాటి మలుపు తిరిగి పోయింది. లాయరమ్మ అటే చూసింది. తర్వాత గుమస్తా చాపిన రసీదు అందుకుంది. దానిమీది స్టాంపు సిరా ఇంకా తడిగా ఉంది. ఊదింది. ఈ కాగితాన్ని మొగుడు అద్దం ఫ్రేములో పెట్టించి, లిఫ్టుల్లో తగిలిస్తానని బెదిరిస్తాడని ఆమెకు ఇప్పుడే తెలుసు.

"అక్కా," అంది వెనకాల పొడుగమ్మాయి. థీసిస్ గుండె మీది నుంచి దింపి రెండో అధ్యాయం దగ్గర తెరిచి పట్టుకుంది. వేలు అందరూ ఎత్తి రాసే ఆ వాక్యం మీద ఉంది. "ఆ తీర్పులో నిజంగా ఇలా లేదా?"

"లేదు. ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు చెల్లదన్నారు. తాళం వేసుకోవచ్చన్నది ఓడిపోయిన ఒక్కరే. లైబ్రరీలో పై అర, ఎడమ మూల. దుమ్ము దులుపుకుని చదువు."

"ఇప్పుడు టైమెక్కడుంది?"

లేదు. అయిదు కావస్తోంది, గోడ గడియారంలో పెద్ద ముల్లు పన్నెండు మీదికి ఎక్కుతోంది. పొడుగమ్మాయి పెదవి కొరుక్కుంది. సంచిలోంచి పెన్ను తీసింది. బంగారు అక్షరాల నల్ల అట్ట థీసిస్‌ను కౌంటరు మీదే పెట్టి, ఆ వాక్యాన్ని ఈ చివర నుంచి ఆ చివరిదాకా కొట్టేసింది. రెండో ప్రతిలో కొట్టేసింది. మూడో ప్రతిలో కొట్టేసింది. వరసలో ఇంకా వెనకాల ఎవరో తమ అట్ట తెరుస్తున్న చప్పుడు వినబడింది, తర్వాత ఇంకొకరిది.

"చేత్తో దిద్దినవి తీసుకో..." అని మొదలుపెట్టాడు గుమస్తా.

పొడుగమ్మాయి నడుం మీద చెయ్యి పెట్టుకుని ఊపిరి పీల్చుకుంది. గుమస్తా, కారణం అడగడానికి తెరుచుకోబోతున్న ఆమె నోటివైపు చూశాడు, పక్కనే నిలబడ్డ లాయరమ్మవైపు చూశాడు, వరస పొడుగునా చూశాడు. స్టాంపు సిరాలో ముంచి, ధన్‌మని కొట్టాడు.