ఐసు ఫ్యాక్టరీ వెనక గది

ఆమె భర్త జైలు నుంచి వస్తున్నాడని తెలిసిన రోజే వదిన ఆమెకు మొహమాటం లేకుండా చెప్పేసింది. "నువ్వు ఎన్నాళ్లున్నా నాకు బరువు కాదు. అతను మాత్రం నా గడప తొక్కకూడదు."

అన్నయ్య పేపరు చాటున కుక్కిన పేనులా కూర్చున్నాడు. ఆమె కుట్టుమిషను మీద గుడ్డ కప్పి, ఇల్లు వెతకడానికి బయల్దేరింది.

ఇళ్లకు కరువు లేదు. గది నచ్చేది, అద్దె కుదిరేది. "మీ ఆయన ఏం చేస్తాడు?" అన్న దగ్గరే బండి ఆగిపోయేది. "లారీ డ్రైవరండీ. యాక్సిడెంటు కేసులో లోపలున్నాడు, వచ్చేస్తున్నాడు" అనేది. ఒకావిడ మంచినీళ్లిచ్చి మరీ సాగనంపింది. "నాకేం లేదమ్మా, పక్కింటివాళ్లే..." అని నసిగాడు ఇంకొకాయన. ఎవరిని కదిపినా పక్కింటివాడే అడ్డం.

చివరికి ఒక రిటైరైన కంపౌండరు మెత్తబడ్డాడు. "మనిషన్నాక కష్టం రాదా? వచ్చాక ఒకసారి తీసుకురా" అన్నాడు. విడుదలైన మర్నాడే తీసుకెళ్లింది. చిక్కిపోయిన ఒంటి మీద పాత చొక్కా వేలాడుతుంటే, ముందుగా దాన్ని ఒంటికి సరిపోయేలా బిగించి కుట్టింది.

"యాక్సిడెంటటగా నాయనా, ఎవరు అడ్డమొచ్చారు?" అన్నాడు కంపౌండరు.

"ఎవరూ రాలేదండీ. నేను తాగి నడిపాను. పోయినాయన రోడ్డు పక్కన సైకిలు చెయిన్ ఎక్కించుకుంటున్నాడు."

కంపౌండరు బయటికి తీసిన తాళంచెవిని మళ్లీ జేబులో వేసుకున్నాడు.

వీధిలోకి రాగానే ఆమె విరుచుకుపడింది. "నీ నోట్లో నువ్వుగింజ నానదా? ఇన్నాళ్లూ అందరి చేతా మాటలు పడింది నేను!"

"నిజమే. నువ్వు మీ అన్నయ్య దగ్గరే ఉండు. నేనెక్కడో ఒకచోట..."

"ఆ మాట అనకు."

ఆ ఆలోచన అప్పటికే ఆమె మనసులోనూ మెదిలింది. అందుకే మరీ మండింది.

ఐసు ఫ్యాక్టరీ యజమానురాలు ఆమె దగ్గరే జాకెట్లు కుట్టించుకునేది. గది కోసం వెళ్లి, ఈసారి ఆవిడ ఏమీ అడగకముందే తనే చెప్పేసింది. "తాగి నడిపి ఒక మనిషిని చంపాడమ్మా." తన నోట ఆ మాట వినడం ఆమెకు అదే మొదటిసారి.

యజమానురాలు బల్ల మీది వ్యాను తాళాలు సొరుగులో వేసింది. "వెనక గదుంది. ఐసు మిషను మోతకి ఎవరూ నిలవరు. అతను ఐసు దిమ్మలు మోస్తే జీతమిస్తా. వ్యాను తాళాలు ముట్టుకోకూడదు. తాగొస్తే ఇద్దరూ బయటే."

గోడలకు చెమ్మ. మిషను మోతకు గిన్నెలు సన్నగా వణికేవి. మొదటి సాయంత్రం అతను పాలిపోయిన చేతులతో వచ్చి, కంచం ముందు కూర్చున్నాడు. ఇన్నేళ్లూ అడగనిది ఆమె అప్పుడు అడిగింది.

"ఆ సైకిలాయనకి ఇంట్లో ఎవరున్నారు?"

అతని పెదవులు కదిలాయి.

"వినపడటం లేదు. గట్టిగా చెప్పు."

"భార్య!" అరిచినట్టే అన్నాడు. "ఇద్దరు ఆడపిల్లలు. ఆవిడ ప్రతి వాయిదాకీ వచ్చేది. ఒకసారి కోర్టులో నీ బెంచీ మీదే కూర్చుంది. నువ్వే జరిగి చోటిచ్చావు."

ఆమెకు గుర్తొచ్చింది. భుజం దగ్గర కుట్టు విడిపోయిన జాకెట్టు. రెండు టాకాలు వేస్తే సరిపోయేదని అప్పుడు అనుకుంది. మొహం మాత్రం చూడలేదు.

"తిను," అంది. "పొద్దున్నే లోడుందటగా."

తను మాత్రం తినలేకపోయింది.